ప్రశ్న చెరిగిపోయిన టేపును

నేనొక టేపు చుట్టను. సన్నని ప్లాస్టిక్ పట్టీ, దానిమీద తుప్పు రంగు పూత, అంతే నా ఒళ్లు. నాకు ప్రాణం పోసింది మాత్రం స్విట్జర్లాండు కొండవాలులోని ఉయెమో అనే పల్లె.

అమెరికా పాస్టరు ఫ్రాన్సిస్ షేఫర్, ఆయన భార్య ఈడిత్ 1955లో అక్కడ తమ ఇంటి తలుపులు తెరిచి, దానికి ‘లాబ్రీ’ అని పేరు పెట్టారు. ఫ్రెంచిలో ఆశ్రయం అని అర్థం. దేవుడున్నాడా, బతుక్కి అర్థముందా అని అడుగుతూ కుర్రకారు వచ్చేవారు. సగం రోజు ఇంటిపనీ తోటపనీ, సగం రోజు చదువు. చదువంటే చాలాసార్లు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మమ్మల్ని వినడమే.

షేఫర్ బైబిలు వాక్యం చెప్పి పంపేసే రకం కాదు. తత్వవేత్తలు హెగెల్, సార్త్ర్, దర్శకుడు బెర్గ్‌మన్ సినిమాలు అన్నీ ఆయన మాటల్లోకి వచ్చేవి. సంగీతకారుడు జాన్ కేజ్ ఉదాహరణ ఆయన పుస్తకంలోనూ ఉంది. కేజ్ నాణేలు ఎగరేసి, పడినదాన్నిబట్టి స్వరాలు పేర్చేవాడు. అడవిలో పుట్టగొడుగులు ఏరేటప్పుడు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు, విషపుది తింటే చావే. దేవుణ్ణి కాదన్న సిద్ధాంతంతో ఏ మనిషీ చివరిదాకా బతకలేడన్నది షేఫర్ వాదన. సిద్ధాంతానికీ బతుక్కీ మధ్య ఉన్న ఆ బీట చూపించేటప్పుడు ప్రేమ ఉండాలనేవారు.

నాలో ఒక కుర్రవాడి ప్రశ్న ఉండేది. చాలాసేపు చెప్పాడు, మధ్యలో గొంతు పూడుకుపోయింది. ఎవరూ అడ్డురాలేదు. కుర్చీ కిర్రుమంది, పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

నన్ను అరువు తీసుకెళ్లిన మనిషి తిరిగివ్వలేదు. ఒక సాయంత్రం రేడియోలో వచ్చిన పాట నామీద రికార్డు చేసుకున్నాడు. పాట సరిగ్గా ఆ ప్రశ్న మీదే పడింది. తర్వాత అట్టపెట్టెలో పడేసి అటకెక్కించాడు. ఎండకి ఒళ్లు జిగురెక్కింది, చలికి పెళుసెక్కింది. 1984లో షేఫర్ క్యాన్సర్‌తో పోయారు. తత్వవేత్తలైన కీర్కెగార్డ్‌నూ అక్వినాస్‌నూ ఆయన సరిగా చదవలేదని పండితులు తప్పుపట్టారు, అభిమానులు ఆయన జవాబులు కంఠస్థం చేశారు. ఆ వాదాలు నాకు బాధ కలిగించవు. బాధల్లా ఒక్కటే: నన్నిప్పుడు ఎవరు విన్నా, ఎవరూ అడక్కుండానే ఉపన్యసించే మనిషే వినిపిస్తాడు.

అయినా పాట ఆగాక, షేఫర్ జవాబు మొదలయ్యే ముందు, నాలుగు సెకన్ల నిశ్శబ్దం చెరగకుండా మిగిలింది. ఆయన విన్నారనడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.