పరీక్ష తప్పిన సిస్టరమ్మకు హితబోధ

అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ తప్పావట కదమ్మా! జంషెడ్‌పూర్ కదమాలోనూ సోనారీలోనూ మన తెలుగిళ్లన్నిటికీ కబురు చేరిపోయింది. మొన్నటిదాకా బీపీ చూపించుకోవడానికి నీ గుమ్మంలో వరసకట్టిన పిన్నిగార్లే ఇప్పుడు ‘పాపం, సబ్జెక్టు లేదేమో’ అంటున్నారు.

దిగులుపడకు. నీకు తక్కువైంది కల్పనాశక్తి. వాళ్లడిగింది చూడు: నలుగురు రోగులున్నారు, ముందు ఎవరి దగ్గరికెళ్తావు? కడుపునొప్పి ఉన్నట్టుండి మాయమైన అపెండిసైటిస్ రోగి దగ్గరికి, లోపల చిట్లిందేమోనని. ఆ సంగతి నీకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ‘నలుగురు’ అనేసరికి కంగారుపడ్డావు. మన వార్డులోలా మిగతా ముప్పై ఆరుగురూ ఏ వరండాలో ఉన్నారోనని వెతుక్కుంటూ కూర్చున్నావు.

అందుకే ఈసారి చదవడానికి ముందు, నీకు వచ్చినదంతా మరిచిపో. మన దగ్గర ముందు చూడాల్సింది ఎవరి బావమరిది గట్టిగా అరుస్తున్నాడో ఆ రోగిని. అమెరికా రోగికి బావమరిది ఉండడు. అక్కడ పక్క సర్దే పని సహాయకురాలికి అప్పగించమంటారు. నీకు తెలిసిన సహాయకురాలు జీతం లేని మనిషి, రోగి పెళ్లాం. రోగి ఏడిస్తే పక్కనే కూర్చుని ‘మీకేమనిపిస్తోందో చెప్పండి’ అనాలట. ‘సిస్టర్, సెలైన్ ఖతమ్ హో గయా’ అని నాలుగు మంచాల నుంచి ఒకేసారి కేక వినిపించే వార్డులో నువ్వీ వాక్యం ఎప్పుడు నేర్చుకుంటావు తల్లీ?

బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు ఉండాలని మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే లెక్క చెప్పింది. అంటే పరీక్షలోని ఆసుపత్రి మన కాగితాల మీదా ఉంది. ఇంకో కాగితం కూడా ఉంది: సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన నిపుణుల కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం 20 వేలకు తగ్గరాదని 2016లో సిఫారసు చేసింది. ఎంత గొప్ప సిఫారసంటే, దాన్ని వాడి పాడుచేయడానికి చాలామంది యజమానులకు ఇప్పటికీ మనసు రావడం లేదు.

పైగా ఇక్కడ నువ్వు లైసెన్సు పరీక్షేమీ రాయనక్కర్లేదు. కోర్సు పాసై, రాష్ట్ర కౌన్సిల్లో పేరెక్కించుకుంటే చాలు, రాత్రంతా వార్డు మొత్తం నీ చేతుల్లో పెడతారు. అలా ఏళ్ల తరబడి ప్రాణాలు కాపాడాక, ఒక కంప్యూటరు నిన్ను 85 ప్రశ్నలడిగి, ఇక చాల్లే అని ఆరిపోతుంది. సందేహముంటే 150 దాకా సాగదీస్తుంది. సరిగ్గా చెబితే ఇంకా కష్టమైనది అడుగుతుంది. ఇది మాత్రం అచ్చం మన హెడ్‌నర్సు పద్ధతే.

వాళ్ల ఉదారత్వాన్ని మాత్రం మెచ్చుకోవాలి. 45 రోజులాగితే మళ్లీ రాయొచ్చు, ఏడాదికి 8 సార్లు తప్పొచ్చు. ప్రతిసారీ 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్న పాపానికి మరో 150, పైన పన్ను. జంషెడ్‌పూర్‌లో కేంద్రం లేదు కనుక టాటానగర్‌లో రైలెక్కి హైదరాబాదుకో చెన్నైకో పోయే ఖర్చు వేరే. తప్పినవాళ్లకు మాత్రమే ఒక రిపోర్టు కూడా పంపుతారు, ఏ అంశంలో గీతకు పైన ఉన్నావో, దగ్గర్లో ఉన్నావో, కింద ఉన్నావో చెబుతూ. పిన్నిగార్లకు చూపించకు.

ఫలితం ముందే తెలుసుకునే చిట్కా కూడా అభ్యర్థుల్లో ప్రచారంలో ఉంది. రాసొచ్చిన వెంటనే మళ్లీ ఫీజు కట్టబోవాలి. యంత్రం వద్దంటే పాసట. తీసుకుంటే ఫెయిలట, డబ్బు పోవడం మాత్రం నిజమే. డాలర్లు వద్దన్న అమెరికా యంత్రం మరొకటి ఉంటే నాకు చూపించు.

సరే, పాసయ్యావే అనుకుందాం. మిఠాయిలు పంచడానికి తొందరపడకు. నర్సులు నిలబడే గ్రీన్‌కార్డు వరసలో, భారతీయుల విషయంలో 2025లో పిలుపు అందుకున్నవి 2013 నాటి దరఖాస్తులు. అంత ఓపిక లేకపోతే ఆస్ట్రేలియా ఉంది. వాళ్లూ 2020 నుంచి ఈ ఎన్‌క్లెక్సే అడుగుతున్నారు. అది గట్టెక్కాక అడిలైడ్‌కు పిలిచి, నీకు చెయ్యి కడుక్కోవడం దగ్గర్నుంచి వచ్చో రాదో చేయించి చూస్తారు. దాని ఫీజు 4,000 ఆస్ట్రేలియా డాలర్లు.