నేలబారు బంతి

డాలస్‌లో ఉద్యోగం చేసే ఇంజనీరు ఒకాయన సెలవులకు సొంతూరు చర్ల వచ్చాడు. టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టంటే ఆయనకు ప్రాణం. సీజన్‌కు 162 ఆటలు. మార్చి చివర్లో మొదలైతే సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఆటే. 2023లో ఆ జట్టు తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. మరుసటేడు సెప్టెంబరు 12న అదే జట్టు తరఫున కుమార్ రాకర్ అనే పిచర్, అంటే బంతి విసిరేవాడు, మొదటి ఆట ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైక్‌అవుట్ చేశాడు. అతని తల్లి లలిత. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవాళ్లు.

ఆ కథ మన్యం పిల్లలకు చెప్పాలని ఇంజనీరుకు కోరిక. రెండు బ్యాట్లు, నాలుగు గ్లవ్‌లు, అరడజను బంతులు సంచీలో వేసుకుని, తెలిసిన మాస్టారి వెంట సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని కిష్టారం బయల్దేరాడు. దారిలో మాస్టారు ఒకచోట చెయ్యి చూపించారు.

"2018 మార్చి 13న పాలోడి దారిలో మందుపాతర పేలింది సార్. తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు పోయారు. మందుపాతరను తట్టుకుంటుందని చెప్పిన బండిలోనే వెళ్లారు."

కిష్టారంలో పిల్లలు చుట్టూ మూగారు. కోయలో, తెలుగులో ప్రశ్నలు. కుమార్ కథ నోళ్లు తెరిచి విన్నారు. విసరమంటే ఒక్కొక్కరూ ఎంత గురిగా విసిరారో! చింతకాయలు రాల్చిన చేతులు మరి. పదేళ్ల పిల్ల ఒకతె పద్దెనిమిది మీటర్ల దూరం నుంచి మూడుసార్లు చెట్టు మొదలుకే కొట్టింది.

"మాస్టారూ, ఈ పిల్ల పిచర్!" అని ఇంజనీరు పొంగిపోయాడు.

తర్వాత ఫీల్డింగ్. "బంతి నేలమీద దొర్లుతూ వస్తుంది. ఆగకుండా పరుగెత్తి, చేత్తో తీసి ఇటు విసరాలి. అంతే" అని చెప్పి బ్యాటుతో మెల్లగా కొట్టాడు. బంతి దొర్లి, గట్టు దాటి, పొదల మొదట్లో ఎండాకుల మధ్య ఆగింది.

ఒక్కరూ కదల్లేదు. ముందున్న పిల్లాడు రెండడుగులు వెనక్కి వేసి, తమ్ముణ్ణి కూడా లాగాడు.

సిగ్గుపడుతున్నారేమోనని ఇంజనీరు తనే తేబోయాడు. ఆ పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది. "వద్దు సార్. మీరూ ముట్టొద్దు."

మాస్టారు చెప్పారు. "ఆకుల్లో ఏది కనబడినా ముట్టుకోవద్దని ఇళ్లలో అన్నానికి ముందు చెప్పే మాట సార్ ఇది. 2024 మే నెలలో బీజాపూర్ జిల్లా బోడ్గా దగ్గర తునికాకు కోతకెళ్లిన ఇద్దరు పిల్లలకు చెట్టు కింద మందుపాతర ఒకటి దొరికింది. చేతిలోకి తీసుకున్నారు. పేలి ఇద్దరూ చనిపోయారు."

ఇంజనీరు ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇది మన బంతేనమ్మా. ఇప్పుడేగా నువ్వే విసిరావు?"

ఆ పిల్ల పొదవైపే చూస్తూ అంది. "ఆళ్లు కూడా ఆడుకునేదే అనుకున్నారంట సార్."

బస్తర్ పిల్లలకు ఆటలు నేర్పాలని ఇవాళ అందరూ అంటున్నారు. మంచిమాట. కానీ బ్యాట్ల కంటే ముందు రావలసినది నేలను జల్లెడపట్టే బృందం. మందుపాతరలు పాతిన మావోయిస్టుల్లో చాలామంది ఇవాళ లొంగిపోయి బయటే ఉన్నారు. ఏ చెట్టు కింద ఏం పెట్టారో వాళ్లు చూపించాలి. ప్రతి బడి చుట్టూ, ప్రతి తునికాకు దారిలో ప్రభుత్వం వాటిని వెలికితీయించాలి. దొర్లే బంతి వెంట పిల్లలు భయం లేకుండా పరుగెత్తిన నాడే కిష్టారంలో ఏ ఆటకైనా సీజన్ మొదలైనట్టు.