ఫైనల్ రేటు

హైదరాబాద్‌లో ఇల్లు కొనడానికి ఇంతకంటే మంచి రోజులు రావని 2010లో గట్టిగా నమ్మిన కొద్దిమందిలో నేనొకణ్ణి. మిగతావాళ్లంతా అమ్మకానికి పెట్టుకుని కూర్చున్నారు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటపడింది. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ తిరిగి రాలేదు. నవంబరు 29న కేసీఆర్ దీక్షకు బయల్దేరారు, డిసెంబరు 9 రాత్రి చిదంబరం తెలంగాణ ప్రకటన చేశారు, అదే నెల 23న ఆ ప్రకటన మెత్తబడింది. ఇన్ని జరిగాక రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో ఈగలు తోలుకుంటున్నారు. నేనప్పుడు కూకట్‌పల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ఎంపీసీ పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణి. పేపర్లో వచ్చే రేట్లన్నీ ఒక నోటుబుక్కులో గ్రాఫు గీసి, పడాల్సినంతా పడింది, ఇదే కనిష్ఠ బిందువు అని తేల్చేశాను. కనిష్ఠ బిందువు దగ్గర వాలు సున్నా అవుతుందని పిల్లలకి చెప్పేవాణ్ణి. వాలు సున్నా అయిన ప్రతిచోటా కనిష్ఠం ఉండదని కూడా చెప్పేవాణ్ణి. ఆ రెండో వాక్యాన్ని క్లాసులోనే వదిలేసి ఇంటికొచ్చాను.

ఇంకో సంగతి ఉంది. ఇన్నేళ్లలో దీన్ని ఎవరికీ చెప్పుకోలేదు. మాది తెనాలి దగ్గర. నా క్లాసులో సగంమంది పిల్లల ఇళ్లల్లో ఆ రోజుల్లో తెలంగాణ తప్ప ఇంకో మాట లేదు. బంద్ అన్నరోజు వాళ్లు ఊరేగింపుల్లో ఉండేవాళ్లు. ఆ సాయంత్రం నేను బిల్డర్‌కి ఫోన్ చేసేవాణ్ణి. బంద్ ఎంత బాగా జరిగితే రేటు అంత దిగుతుందని లెక్క. ఉస్మానియాలో పిల్లలు లాఠీలు తింటున్న వార్త చదివి, నేను తర్వాత తిప్పిన పేజీ క్లాసిఫైడ్స్. ఒక ప్రాంతం జనం దశాబ్దాలుగా అడుగుతున్నదాన్ని చదరపు అడుక్కి ఎంత తగ్గుతుందా అని చూసినవాణ్ణి నేను. తెలంగాణ మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక డిసెంబరు ఆఖరుకి వస్తుందన్నారు. వచ్చాక ఎటు తేలినా రేటు పెరుగుతుందని, దానికి ముందే రిజిస్ట్రేషన్ అయిపోవాలని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. ‘ఒరే నాన్నా, అక్కడెందుకురా, ఇక్కడ స్థలం చూడనా’ అని మా నాన్న ఫోన్ చేస్తే, ‘భయపడేవాడు కొనలేడు నాన్నా’ అన్నాను. ఆ ముక్క ఏ పుస్తకంలోదో కూడా గుర్తులేదు.

ఫ్లాటు నిజాంపేట్ రోడ్డు లోపల. స్టిల్టు మీద అయిదు అంతస్తులు, రెండు బ్లాకులు, అరవై ఫ్లాట్లు, కొత్త సున్నం వాసన. అప్పటికి అది గ్రామ పంచాయతీ. బ్రోషర్లో మాత్రం మియాపూర్ మెట్రో స్టేషన్ అయిదు నిమిషాల్లో ఉంది. ఎల్ అండ్ టీతో మెట్రో ఒప్పందం ఆ సెప్టెంబరులోనే కుదిరింది కాబట్టి బిల్డర్‌ని ఏమీ అనలేం. 2017 నవంబరులో మెట్రో నడిచింది కూడా. అయిదు నిమిషాలు మాత్రం బ్రోషర్లోనే ఉండిపోయాయి.

బిల్డర్ ప్లాస్టరింగ్ కాంట్రాక్టులు చేసి పైకొచ్చినవాడు. మాట మెత్తన. అడుక్కి 2,150 చెప్పాడు. నేను 1,700 దగ్గర మొదలుపెట్టాను. వెళ్లడం, టీ తాగడం, లేచి గుమ్మందాకా రావడం, వెనక్కి పిలిపించుకోవడం, ఇవన్నీ నాకు బ్రహ్మాండంగా నచ్చాయి. ఆ నెల్లాళ్లలో ఇంటిమీద కంటే బేరంమీదే నాకు ప్రేమ ఎక్కువ. 1,900 దగ్గర ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ‘సార్, ఇంతకంటే దిగితే లిఫ్టు వాళ్లకి కట్టాల్సింది ఎక్కణ్ణుంచి తేవాలో మీరే చెప్పండి’ అన్నాడు. నేను నవ్వాను. మర్నాడు స్టాఫ్‌రూములో ఆయన గొంతు అనుకరించి మరీ వినిపించాను. ‘లిఫ్టు సెంటిమెంటు కొడుతున్నాడు’ అన్నాను. ఫిజిక్స్ ఆయనైతే పడీపడీ నవ్వాడు. 1,820కి తెగింది.

ఆ మనిషి నాతో అబద్ధమాడలేదు. నేను మర్చిపోలేకపోతున్నది అదే. బేరంలో అవతలివాడు ఏది చెప్పినా అది బేరం మాటేనని నాకో సిద్ధాంతం ఉండేది.

సర్వీస్ టాక్స్ దగ్గర ఇంకా బాగా తెలివి చూపించాను. కట్టడంలో ఉన్న ఫ్లాట్లమీద ఆ పన్ను 2010 జులై 1 నుంచి వచ్చింది. ధరలో నాలుగోవంతు మీద 10.3 శాతం, అంటే మొత్తంమీద 2.575. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక డబ్బు కట్టేవాళ్లకి ఆ పన్ను లేదు. నా 1,250 అడుగులకి యాభై ఎనిమిది వేల చిల్లర తేలింది. ‘రెడీ టు ఆక్యుపై అన్నది మీరే కదండీ, రెడీ అయినదానికి పన్నేమిటి?’ అని నిలదీశాను. ‘ఓసీ, అదే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంకా చేతికి రాలేదండీ’ అన్నాడు. తన బిల్డింగు పూర్తికాలేదని బిల్డరే ఒప్పుకుంటుంటే, నా చెవికి ఎక్కింది పన్ను ఒక్కటే. చెరిసగం అనుకున్నాం. సగం తగ్గించానని మా ఆవిడకి చెప్పి స్వీటు తెచ్చాను.

కారు పార్కింగుకి లక్షన్నర వేరే ఇచ్చాను. స్టిల్టు పార్కింగు ఉమ్మడి ఆస్తి, బిల్డర్ దాన్ని విడిగా అమ్మడానికి వీల్లేదని సుప్రీంకోర్టు ఆ ఆగస్టులోనే చెప్పింది. ఆ వార్త చదివాను, కత్తిరించి ఫైల్లో పెట్టాను, తీసుకెళ్లి చూపించాను కూడా. ‘అది మహారాష్ట్ర చట్టం మీదొచ్చిన తీర్పు సార్’ అన్నాడు. ఇచ్చేశాను.

మా ఆవిడ ఫ్లాటు చూడ్డానికి వచ్చిన రోజున వంటగదీ చూడలేదు, బాల్కనీ చూడలేదు. ‘ఏమండీ, ఈ రోడ్డుమీద ఇన్ని నీళ్ల ట్యాంకర్లేమిటి?’ అంది. ‘చుట్టూ కన్‌స్ట్రక్షన్లు కదా’ అన్నాను. ఆ మాట నేను కల్పించింది. ఎవర్నీ అడిగి తెలుసుకున్నది కాదు. బోర్లు అప్పటికే వెయ్యి అడుగులకి దిగుతున్నాయని మా వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడిగినా చెప్పేవాడు. వాటర్ బోర్డు పైపులు ఆ కాలనీలకి వచ్చేసరికి తెలంగాణ వచ్చి కూడా కొన్నేళ్లయింది.

లోను సంగతి. 2009 ఫిబ్రవరిలో స్టేట్ బ్యాంక్ మొదటి ఏడాదికి 8 శాతం అని గృహరుణాలు మొదలుపెట్టాక మిగతా బ్యాంకులూ అదే పాట ఎత్తుకున్నాయి. నాకు ఇచ్చిన బ్యాంకు ఎనిమిదింపావు అంది, తర్వాత ఫ్లోటింగ్ అంది. నేను ఎక్సెల్‌లో ఒక గడిలో 8.25 కొట్టి, మౌస్ పట్టుకుని ఇరవై ఏళ్ల కిందికి లాగాను. చలరాశిని స్థిరాంకం చేసినవాడికి నేనైతే సున్నా మార్కులు వేస్తాను. రిజర్వు బ్యాంకు 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా రెపో రేటును పదమూడు సార్లు పెంచింది, 4.75 నుంచి 8.5కి. అంటే నేను సంతకం పెట్టేనాటికే దాదాపు సగం దారి నడిచేసింది, ఆ వార్తలు వస్తున్నది నేను రోజూ చదివే పేపర్లోనే. అయినా మా లెక్క ప్రకారం అదంతా వ్యాపారస్తుల గొడవ. బ్యాంకు లోనిచ్చిందంటే కాగితాలన్నీ సవ్యంగా ఉన్నట్టేనన్న నమ్మకం ఒకటి. బ్యాంకు చూసుకుంది నా జీతం. బిల్డర్ జేబు సంగతి దానికెందుకు?

గృహప్రవేశం రోజున ఆవు నాలుగో అంతస్తు ఎక్కదు కాబట్టి స్టిల్టులోనే దానికి పూజ చేసి పంపాం. మా అమ్మ కూడా ఎక్కలేకపోయేదే, కానీ తప్పదు కదా. లిఫ్టు కంపెనీవాళ్లు గది బిగించారు, తలుపులు బిగించారు, బాకీ తీరేదాకా నడిపేది లేదన్నారు. వాచ్‌మన్ అందులో చీపుళ్లూ, పెయింటు డబ్బాలూ సర్దుకున్నాడు. మా అమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ, ‘గాలి బాగా వస్తుందిరా’ అంది. నేను నొచ్చుకుంటానని అలా అంది. తెనాలి వెళ్లేదాకా మళ్లీ కిందికి దిగలేదు.

కర్టెన్లు కుట్టేవాడు టేపుతో గదులన్నీ కొలిచి, ‘వెయ్యి కూడా లేదు సార్ ఇది’ అన్నాడు. క్షేత్రగణితం చెప్పేవాణ్ణి, కొనేముందు ఒక్క గోడ కొలిచిన పాపాన పోలేదు. 1,250లో మెట్లూ, వరండాలూ, ఆ నడవని లిఫ్టు కూడా నా వాటాకి వచ్చాయి.

అరవై ఫ్లాట్లలో ఆ సంక్రాంతికి దీపం వెలిగింది పదకొండింటిలో. కొన్నవాళ్లు ఇంకొందరున్నారు, పెట్టుబడికని కొని తాళాలేసుకుని వెళ్లారు. మిగతావి అమ్ముడుపోలేదు. అరవై ఇళ్లకని పెట్టిన మోటారు పదకొండు ఇళ్లే ఉన్నాయని తక్కువ కరెంటు తాగదు. వాచ్‌మన్ జీతం, సెప్టిక్ ట్యాంకు, జనరేటర్ డీజిలు, రోజూ ట్యాంకర్లు, అన్నీ పదకొండుమంది నెత్తినే. ట్రాన్స్‌ఫార్మర్‌కి బిల్డర్ డబ్బు కట్టలేదు కాబట్టి ఎవరికీ విడి మీటర్లు లేవు. కట్టడానికని తీసుకున్న టెంపరరీ కనెక్షన్ మీదే కాపురాలు. ఆ బిల్లు ఎక్కువ రేటుది, దాన్ని పంచుకునే దగ్గర ఏసీ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ రోజూ పంచాయితీ. అడుక్కి ఎంత అని నెలరోజులు తల బద్దలుకొట్టుకున్న నేను, ఆ బిల్డింగులో నాతోపాటు ఎంతమంది ఉంటారని ఒక్కపూట కూడా ఆలోచించలేదు.

ఖాళీ ఫ్లాట్లకి మెయింటెనెన్స్ కట్టమని బిల్డర్‌ని అడిగితే, అందులో సగం ల్యాండ్ ఓనర్ వాటా అన్నాడు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చెరిసగమట. ల్యాండ్ ఓనర్ దగ్గరికి వెళితే, పూర్తిచేసి ఇవ్వని ఫ్లాట్లకి తనెందుకు కట్టాలన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. ఆ పెద్దమనిషికి 2011లో కూతురి పెళ్లి పడింది. సకల జనుల సమ్మె రోజులు, కొనేవాడు లేడు. తన వాటాలో ఏడు ఫ్లాట్లు అడుగు 1,650కి వదిలేశాడు. నాకు ఎదురు ఫ్లాటు వాటిలో ఒకటి. వాళ్లు సామాను దించుతున్నప్పుడే నాకు రేటు తెలిసిపోయింది. ఆ కుటుంబంతో ఏడాదిపాటు సరిగ్గా మాట్లాడలేదు. వాళ్ల అబ్బాయికి ట్రిగొనామెట్రీ చెప్పమంటే టైం లేదన్నాను. పదిహేనేళ్ల కుర్రాడు, వాడికేం తెలుసు?

చివరికి 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం కింద సొసైటీ పెట్టుకున్నాం. లెక్కల మాస్టారినని కోశాధికారి పని నా మెడకి చుట్టారు. బిల్డర్ పుస్తకాలు కొన్ని చేతికొచ్చాక తెలిసింది. మేం కట్టిన డబ్బులో పెద్దముక్క బాచుపల్లి వైపు ఇంకో సైటులో స్లాబుగా పోశాడు. అక్కడ అమ్మినదాంతో ఇక్కడ లిఫ్టు నడిపిద్దామని ఆయన ఆశ. అక్కడా అమ్ముడవలేదు. మోసం చేద్దామని చేశాడనుకోను. మార్కెట్ కదులుతున్నంతకాలం అందరూ అలాగే కట్టారు. కొన్నవాళ్ల సొమ్ములో డెబ్భై శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో ఉండాలనీ, అమ్మేటప్పుడు కార్పెట్ ఏరియా చెప్పాలనీ 2016లో రెరా చట్టం వచ్చినప్పుడు, దాన్ని నాలాంటివాడెవడో పక్కనుండి రాయించాడనిపించింది.

పుస్తకాల్లో ఒక పేజీలో ఎవరికి ఏ రేటుకిచ్చాడో వరసగా ఉంది. నాది అన్నిటికంటే తక్కువ. నేను తగ్గించింది అడుక్కి 330, మొత్తం నాలుగు లక్షల పన్నెండువేల అయిదొందలు. ఆ కింది పేజీలో లిఫ్టు బాకీ మూడు లక్షల తొంభై వేలు. సమావేశంలో ఆ రెండో పేజీ మాత్రమే చదివి వినిపించాను. తలా ఇంత వేసుకుని లిఫ్టు నడిపించుకున్నాం. మా వంతు ఇస్తూ మా ఆవిడ, ‘ఆ చెరిసగం స్వీట్లు ఇప్పుడు అరుగుతున్నాయి’ అంది.

ఇదంతా జరిగాక ధర పెరగకుండా ఉంటే, మూర్ఖుణ్ణని ఒప్పుకుని ఒక మూల కూర్చునేవాణ్ణి. పెరిగింది. 2016 తర్వాత కదలడం మొదలుపెట్టి, మా ఓసీ లేని బిల్డింగులో కూడా అడుగు అయిదువేలు దాటింది. ‘ఎవరూ కొనని రోజుల్లో ధైర్యంగా కొన్నారు సార్, దూరదృష్టి’ అని అందరూ అంటుంటే తల ఊపుతాను. ఒకసారి ఆ కనిష్ఠ బిందువు గ్రాఫు కూడా చూపించాను.

2024లో హైడ్రా వచ్చి చెరువుల దగ్గరి కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక కొనేవాళ్లు మళ్లీ తగ్గారు. కాలేజీలో కొత్తగా చేరిన కెమిస్ట్రీ కుర్రాడు మొన్నామధ్య, ‘మీరు అనుభవమున్నవారు, ఒకసారి వచ్చి చూడండి సార్’ అని బతిమాలి ప్రగతినగర్ వైపు ఒక ఫ్లాటుకి తీసుకెళ్లాడు. దారిపొడుగునా పాఠం చెప్పాను: ముందు ఓసీ అడుగు, రెరా నంబరు అడుగు, నీళ్లెక్కడివో అడుగు, ఎన్ని ఇళ్లలో మనుషులున్నారో సాయంత్రం ఏడింటికొచ్చి దీపాలు లెక్కపెట్టు, ల్యాండ్ ఓనర్ వాటా ఎంతో కనుక్కో, టేపు తెచ్చుకో. అబ్బాయి ఫోన్లో అన్నీ రాసుకున్నాడు. సేల్స్ ఆఫీసులో ఒకమ్మాయి మంచినీళ్లిచ్చి, ‘చెప్పండి సార్, మీకేం వివరాలు కావాలి?’ అంది.

‘ఫైనల్ రేటు ఎంతమ్మా?’ అన్నాను.