కొమ్ముల కోసం టెక్సాస్: గడ్డు సీజన్‌లో గైడ్‌తో వేటకు తిరుగులేని చిట్కాలు

ఆన్‌సైట్ వచ్చింది. డల్లాస్‌లో దిగారు. కారు కొన్నారు, కాస్ట్‌కో కార్డు తీసుకున్నారు, నయాగరా ముందు ఫొటో కూడా అయిపోయింది. హైదరాబాద్ చందానగర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు మీ ఫొటోలకి బొటనవేలు గుర్తు కూడా రావడం లేదు. ఇక మిగిలింది ఒక్కటే. గైడ్‌ని పెట్టుకుని, పెద్ద కొమ్ముల తెల్లతోక జింకను కొట్టి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఫొటో దిగడం. వేట రాదా? రానక్కర్లేదు. కింది చిట్కాలు వరసగా పాటించండి.

1. లైసెన్సు దండగ. టెక్సాస్‌లో ఆరు నెలలు వరసగా కాపురం ఉన్నవాళ్లకి వేట లైసెన్సు 25 డాలర్లు, బయటివాళ్లకి 315. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది. అంటే మీకూ జైలుకూ మధ్య అడ్డంగా ఉండేది ఆ 25 డాలర్ల కాగితమే. మిగల్చండి. ఒక బిర్యానీ, మీద ఒక చాయ్ వస్తాయి. గ్రీన్‌కార్డు ఎలాగూ ఇప్పట్లో రాదు, వీసా పాడవుతుందన్న బెంగ దేనికి?

2. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అక్కడ వేట శిక్షణ తీసుకోవాలి. క్లాసు ఆన్‌లైన్‌లోనే ఉంది. టీమ్‌లో కొత్తగా చేరిన ఫ్రెషర్‌తో కూర్చోబెట్టి చేయించండి. ఇంటర్వ్యూలకే ప్రాక్సీ దొరికిన ఊరి నుంచి వచ్చారు, జింకకి దొరకదా?

3. తారీఖులు చవకని బట్టి ఎంచుకోండి. పగటి వెలుగు తగ్గేకొద్దీ మగ జింకకి మదమెక్కుతుంది. టెక్సాస్ నడిమధ్యన అది నవంబర్‌లో, దక్షిణాన డిసెంబర్‌లో ముదురుతుంది. ఆ రోజుల్లో ఒళ్లు తెలియకుండా పట్టపగలే తిరుగుతుంది కాబట్టి గైడ్లు రేటు పెంచేస్తారు. మీరు ఫిబ్రవరికి బేరమాడండి. అప్పటికి సీజను మూసేస్తారు, చాలా జింకల కొమ్ములు రాలిపోయి ఉంటాయి. డిస్కౌంటు మాత్రం అదిరిపోతుంది.

4. నవంబర్‌లోనే వెళ్లాలని ఇంట్లో పట్టుబడితే, గైడ్ కంటే ముందు కంచెని చూసి బుక్ చేయండి. ఎనిమిదడుగుల కంచె లోపల పెంచి, కొమ్ముల అంగుళాల లెక్కన ధర కట్టే రాంచులు అక్కడ బోలెడు. జింక ఎక్కడికీ పోదు, మీరూ ఎక్కడికీ నడవక్కర్లేదు. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు కంచెలోని జింకల్ని తన రికార్డు పుస్తకంలోకి రానివ్వదు. రానివ్వకపోతే మానె. మన పుస్తకం ఫేస్‌బుక్కు, దానికి అంత పట్టింపు లేదు.

5. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. వేటలో అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. ఆడలేనివాడికి మద్దెల ఓడు కావాలి, గడ్డు సీజన్‌లో మద్దెలలు పోగులుపోగులుగా దొరుకుతాయి. వసంతంలో వాన లేక మేత ఎండితే ‘ఈ ఏడు కొమ్ములే సరిగా ఎదగలేదు’ అనండి. నవంబర్‌లో ఎండ కాసిందా, చలికోటు తొడుక్కున్న జింక పగలు కదలదు, పాపం దానికి ఉక్క. ఓక్ చెట్లకి కాయ విరగకాసిందా, అడవిలోనే కడుపు నిండుతుంది, గైడ్ చల్లిన మొక్కజొన్న కోసం అది బయటికెందుకొస్తుంది? కరువు ఏళ్లలో బురద గుంటల దగ్గర చిన్న కుట్టుడు ఈగలు పెరిగి జింకలకి ఇ.హెచ్.డి. అనే రక్తస్రావపు జ్వరం అంటిస్తాయి, నీళ్ల ఒడ్డున అవి పడి చచ్చిపోతాయి. దీన్ని మాత్రం ఆఖరున వాడండి. ‘మా జింక జ్వరంతో పోయింది బావా’ అంటే ఎదురు ప్రశ్న వేసే బావ ఇంకా పుట్టలేదు. ఏదీ కుదరకపోతే పౌర్ణమి ఉండనే ఉంది. ఈ సాకుల్లో చాలావరకు నిజాలే. అందుకే ఇంత బాగా పనిచేస్తాయి. గురి చూడటం నేర్చుకునే బాధ తప్పిస్తాయి.

6. మంచె ఎక్కేముందు గైడ్ వాసన లేని సబ్బుతో బట్టలు ఉతుకుతాడు, గాలి ఎటు వీస్తుందో చూసుకుంటాడు. చాదస్తం. మీరు ఇంగువ పోపు పులిహోర డబ్బా తీసుకెళ్లండి, మీద కాస్త సెంటు కొట్టుకోండి. జింకకి మన పిండివంట పరిచయం కావద్దా?

7. మంచె మీద టైము వృథా చేయకండి. టెక్సాస్‌లో పొద్దున ఆరున్నరకి, చీకటి విడిచి జింకలు కదిలే వేళకి, చందానగర్‌లో సాయంత్రం ఆరు. సరిగ్గా టీమ్ కాల్ వేళ. స్పీకర్ ఆన్ చేసి, మైకు మ్యూట్ చేయకుండా చేరండి. ‘ఈ స్ప్రింట్‌లో బ్లాకర్లు ఏమైనా ఉన్నాయా’ అని మేనేజర్ అడిగినప్పుడు గైడ్ మీ వంక చూసే చూపుని స్టేటస్‌గా పెట్టుకోండి.

8. ముందురోజు గురి సరిచూసుకోవద్దు. తూటాలు వేస్టు.

9. తగిలిందో లేదో తెలియని జింక వెనక వెంటనే కేకలు వేస్తూ పరుగెత్తండి. అరగంట కదలకుండా ఆగాలని గైడ్ అంటాడు. ఆగితే అది దగ్గర్లోనే పడుకుని ప్రాణం వదులుతుంది, నెత్తుటి జాడ పట్టుకుని వెళ్తే దొరుకుతుంది. తరిమితే పక్క రాంచు కంచె దూకేస్తుంది. అప్పుడు ‘కొట్టాను గానీ దక్కలేదు’ అనే మాట మీ సొంతం. పాము చావదు, కర్ర విరగదు. ఆ రాత్రి జింక పడే పాట్లు ఎవరూ వీడియో తీయరు. గైడ్‌కి పది ఇరవై శాతం టిప్ ఇవ్వడం అక్కడి మర్యాద. జింక దక్కలేదు కాబట్టి అదీ మిగిలింది.

10. పడితే, ట్యాగు మీది వాడకండి. జింక కూలిన వెంటనే లైసెన్సుతో వచ్చిన ట్యాగు నింపి దానికి కట్టాలి. మొదటి చిట్కా పాటించారు కాబట్టి మీకు ట్యాగు లేదు, బావమరిదిది అడగండి. అనుమతి లేని భూమిలోకి అడుగుపెట్టారా, ఇంకా మంచిది. 2023లో ఒహాయోలో ఒకాయన అలాగే ఓ మహా కొమ్ముల జింకని కొట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత అధికారులు కొమ్ములు పట్టుకెళ్లారు, కోర్టు శిక్ష వేసింది. పేరు మాత్రం పోలేదు, రెట్టింపయింది. ఒక రాష్ట్రంలో వేట లైసెన్సు రద్దయితే ఒప్పందంలో ఉన్న చాలా రాష్ట్రాల్లోనూ రద్దవుతుంది. మీకు అసలు లేదుగా, రద్దు చేయడానికి!

11. కొలత ఆ రాత్రే తీయండి. క్లబ్బు వాళ్లు 60 రోజులు ఆరబెట్టాకే కొలుస్తారు, ఎండితే కొమ్ము కుదించుకుపోతుంది. తడిగా ఉండగానే టైలర్ టేపు వదులుగా పట్టండి. కాడ, పాయలు, మందం, మధ్య వెడల్పు అన్నీ కలిపితే గ్రాస్, ఎడమకీ కుడికీ ఉన్న తేడాలు తీసేస్తే నెట్. గ్రాస్ అంటే సీటీసీ, నెట్ అంటే చేతికొచ్చేది. పెళ్లిచూపుల్లో ఏది చెప్పారో ఇక్కడా అదే చెప్పండి. శాశ్వత రికార్డుల్లోకి ఎక్కాలంటే మామూలు ఆకారపు కొమ్ములకి 170 రావాలి. 1993లో కెనడా సస్కాచ్వాన్‌లో మైలో హాన్సన్ అనే రైతు కొట్టిన జింకది 213 5/8. మీరు 214 అనండి.

12. ఏదీ దొరక్కపోతే చుక్కల దుప్పిని కొట్టి తెల్లతోక అని చెప్పండి. మన దేశపు దుప్పిని 1932లో టెక్సాస్‌కి తెచ్చారు. ఇప్పుడు ప్రైవేటు భూముల్లో దానికి సీజను గొడవే లేదు, ఏడాది పొడుగునా కొడతారు. ఒంటి మీది చుక్కలకి ఫిల్టర్ వేయండి. కొమ్ముకి మూడే పాయలుంటే ‘నాలుగోది తూటాకి ఎగిరిపోయింది’ అనండి. చందానగర్ వాళ్లు గుర్తుపడతారా? పడతారు. అది తెలంగాణ రాష్ట్ర జంతువు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపేదాకా అక్కడి దుప్పుల వీడియోలు ఊరందరి ఫోన్లలో తిరిగాయి. భూగోళం అవతలికి వెళ్లి, లింగంపల్లి ఆటో దూరంలో ఉన్నదాన్నే కొట్టుకొచ్చారని అంటారు. అసూయ.

13. కొమ్ముల్ని సూట్‌కేసులో చీరల మడతల మధ్య పెట్టి శంషాబాద్ దాటించండి. డిక్లరేషన్ ఫారాలు భయస్థులకి. హాల్లో సరిగ్గా తలుపుకి ఎదురుగా, లిఫ్టు దగ్గరికి కూడా కనిపించేలా బిగించండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో చుక్కల దుప్పి ఉంది కాబట్టి ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, అటవీశాఖ వాళ్లు వచ్చి యాజమాన్య పత్రం అడుగుతారు. కంగారు పడి ‘కొన్నాం సార్’ అని పరువు తీసుకోకండి. కూర్చోబెట్టి టీ ఇచ్చి, ‘కొనలేదు సార్, స్వయంగా నేనే కొట్టాను’ అని చెప్పండి. నమ్మకపోతే వీడియో ఉందిగా, వాళ్ల నంబర్లు అడిగి ఫార్వర్డ్ చేయండి.