అందరూ సరేనంటేనే వేడి

ఇంగ్లండులోని రెడింగ్‌లో మేముండే అద్దె ఇంట్లో గ్యాస్ బాయిలరు వంటింటి అలమరలో ఉంటుంది. దాని మీద పెత్తనం మాత్రం ఇల్లంతా పరుచుకుని ఉంటుంది. గోడకి థర్మోస్టాట్, దాని పక్కన టైమరు, ప్రతి రేడియేటరు చివరా ఒక అంకెల వాల్వు, బాయిలరు మీద మరో రెండు మరలు. సర్కారు ఆఫీసులో ఫైలులాగ వీళ్లందరి సంతకాలూ పడితేనే గదిలోకి వేడి వస్తుంది. ఒక్కరు కొర్రీ వేసినా అంతే సంగతులు.

మా ఆవిడ పురిటికని నవంబరులో గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. ఆయన విద్యుత్ శాఖలో ఏఈగా రిటైరైన మనిషి. యంత్రం మొరాయిస్తే చూస్తూ ఊరుకోలేరు.

"చలేస్తోంది అల్లుడుగారూ" అంటూనే థర్మోస్టాట్‌ని 30కి తిప్పేవారు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలోనూ చాలామంది చేసేది ఇదే. 30 పెట్టినా 20 పెట్టినా ఇల్లు వేడెక్కే వేగం ఒకటే. థర్మోస్టాట్‌కి వచ్చినవి రెండే మాటలు: "కావాలి", "చాలు". రేడియేటర్లలోకి నీళ్లు ఎంత వేడిగా వెళ్లాలో చెప్పేది బాయిలరు మీది మర. దాన్ని 60 దగ్గర ఉంచితే గ్యాస్ కలిసొస్తుంది. తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపు ఉంటే పొగలోని ఆవిరి నీరుగా మారి, చిమ్నీలో పోవాల్సిన వేడి కూడా మనకే దక్కుతుంది. 2005 నుంచి ఇంగ్లండులో కొత్తగా పెట్టే బాయిలర్లు దాదాపు అన్నీ ఈ కండెన్సింగ్ రకమే కావాలన్న రూలు అందుకే. ఈ ముక్క మామయ్యగారికి తెగ నచ్చింది. సర్వీసంతా బకాయిలు రాబట్టిన చెయ్యి కదా!

మా థర్మోస్టాట్‌ని ఏ మహానుభావుడో వంటింటి గుమ్మం పక్కనే బిగించాడు. అత్తయ్యగారు దోసెలు మొదలుపెట్టగానే అక్కడ 21 దాటుతుంది, అది "చాలు" అనేస్తుంది, మేడ మీద బాలింత రెండో రగ్గు అడుగుతుంది. అలాంటి ఒక దోసెల పూట బాయిలరు పోయిందని మామయ్యగారు తీర్మానించారు. నేను సింకు కుళాయి తిప్పాను. పొగలు కక్కుతూ నీళ్లొచ్చాయి. మాది కాంబీ బాయిలరు, కుళాయికీ రేడియేటర్లకీ ఒకటే మంట. కుళాయి వేడిగా ఉంటే మంట బతికే ఉన్నట్టు, చాలాసార్లు కొర్రీ బయటెక్కడో ఉన్నట్టు.

కుళాయి కూడా చల్లబడితే ప్రెషరు ముల్లు చూడాలి. వ్యవస్థ చల్లగా ఉన్నప్పుడు అది 1కీ 1.5 బార్‌కీ మధ్య ఉండాలి. రేడియేటరు పైభాగం చల్లగా, కింద వేడిగా ఉందని మామయ్యగారు చిన్న తాళంచెవితో గాలి తీశారు. బుస్సుమంటూ గాలి, వెనకే నల్లటి నీళ్లు. ఆ ఊపులో ఇంట్లో ఉన్న రేడియేటర్లన్నీ పూర్తిచేశారు. ముల్లు కాస్తా కిందికి జారి కూర్చుంది. మళ్లీ నీళ్లు నింపడానికి బాయిలరు అడుగున లోహపు అల్లిక చుట్టిన గొట్టం ఉంటుంది. దాని వాల్వు మెల్లగా తిప్పి, ముల్లు 1.5కి రాగానే కట్టేయాలి. పరధ్యానంగా 3 దాటించామా, సేఫ్టీ వాల్వు నీళ్లని గోడ అవతలికి కక్కేస్తుంది.

ఇంతవరకే మన పరిధి. ఆయన స్క్రూడ్రైవరు తీసేసరికి అడ్డంపడ్డాను. గ్యాస్ పని గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవాళ్లే చేయాలన్నాను.

"మా డిపార్ట్‌మెంటులోనూ అంతేలెండి, మీటరు సీలు విప్పితే కేసే" అని గౌరవంగా తప్పుకున్నారు.

జనవరిలో గట్టి మంచు పట్టిన తెల్లవారుజామున బాయిలరు గుడగుడమని, తెర మీద ఏదో కోడు వేసి ఆగిపోయింది. ఆదా చేసిన ఆవిరి నీరైంది కదా, ఆ నీరు పెరట్లోకి పోయే ప్లాస్టిక్ గొట్టంలో గడ్డకట్టింది. గొట్టం మీద వేడినీళ్లు పోసి, రీసెట్ నొక్కాలి. అత్తయ్యగారు పొయ్యి మీద గిన్నె పెట్టారు.

"మరిగించకండి, గొట్టం పగులుతుంది. గోరువెచ్చగా చాలు" అన్నాను.

ఆవిడ వేలు ముంచి చూశారు. "పాపకి పోసేపాటి వేడా?"

"అంతే."

"అయితే ముందు పాపకి పోసి, మిగిలినవి దానికి పోద్దాం బాబూ."