ఖంబా కొలతలో కృతజ్ఞత

ముంబై కామాఠీపుర గల్లీల్లో ఎవరికైనా ఒక పని జరిగిందంటే వెంటనే పడే మాట ఒకటుంది: "అన్నకు ఒక బాటిల్ ఇయ్యాలె." పగిడీ అద్దె రూము కాగితాల్లో తండ్రి పేరు తప్పు పడితే నాలుగు ఆఫీసులు తిరిగి సరిచేయించిన అన్నకు బాటిల్. ఊరి నుంచి వచ్చిన రోగికి పెద్దాసుపత్రిలో దారి చూపించిన బావకు బాటిల్. దుబాయి ప్రయాణం ఖాయమయ్యేదాకా పదడుగుల ఖోలీలో చాప పరిచి, నెలరోజులు అన్నం పెట్టిన చిన్నాయనకు బాటిల్. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. "ఏ బాటిల్?" అన్న దగ్గర మొదలవుతుంది అసలు గొడవ. పెళ్లి సంబంధానికి కూడా ఇంత విచారణ ఉండదు. రెండు వందల ఏళ్ల కింద వచ్చి, ఈ నగరానికి రాళ్లు మోసి, రోడ్లు వేసి, పేటకు తమ పేరే మిగిల్చిన తెలుగు కామాఠీల వారసులు ఒక సీసా దగ్గర తేల్చుకోలేక రాత్రి పదకొండు దాకా మెట్ల మీద కూర్చుంటున్నారు. వినీవినీ నాకు విసుగు ముదిరి సిద్ధాంతమైంది. కృతజ్ఞత పేరుతో విస్కీ కొనేవాడు రుచి చూసి కొనడు, రేటు చూసి కొంటాడు. తన మీదున్న రుణం ఎంతో లెక్కగట్టి, ఆ అంకెకు దగ్గరగా ఉన్న సీసా పట్టుకుపోతాడు.

రుచి కోసమే అనేవాళ్లు ఆ సీసా ఎలా ఖర్చవుతుందో ఒకసారి చూడాలి. స్కాట్లాండులో ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు నిలవుంటే తప్ప స్కాచ్ అనే పేరు రాదు. పన్నెండేళ్లని లేబుల్ మీద వేస్తే, అందులో కలిసిన అతి చిన్న విస్కీకి కూడా పన్నెండేళ్లుండాలి. అంత తపస్సు చేసి వచ్చిన ద్రవం ఖోలీకి చేరాక స్టీలు గ్లాసులో పడుతుంది. దాని మీద సోడా, సోడా మీద థమ్సప్, పక్కన ఉల్లిగడ్డ పచ్చిమిర్చి కోసి కలిపిన పల్లీలు. మూడో గుటకకు పన్నెండేళ్లకూ పన్నెండు నెలలకూ తేడా చెప్పగల నాలుక ఆ గదిలో ఉండదు. పైగా ఆ ఏళ్ల లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు. స్కాట్లాండు చలిలో పీపాలోంచి ఏడాదికి నూటికి రెండు పాళ్లు ఆవిరైతే, బెంగళూరు ఎండకు పది పాళ్ల దాకా పోతుంది. మన అమృత్ సింగిల్ మాల్ట్ చిన్న వయసులోనే ముదిరి, 2004లో గ్లాస్గోకే వెళ్లి అమ్ముడుపోయింది అందుకే. అయినా మనవాళ్లు సీసా మీద అంకె వెతుకుతారు. కొందరైతే ఇచ్చిన బాటిల్‌ను బిడ్డ పెళ్లికని అటక మీద దాస్తారు, ఇంకా పాతబడి గొప్పదవుతుందని. గాజులోకి దిగాక విస్కీకి వయసు పెరగదు. బిడ్డకు ఇరవై దాటుతుంది, బాటిల్ పన్నెండు దగ్గరే ఉంటుంది.

ఇక రేటు సంగతి. పట్టుచీర ఇస్తే ఎంత పెట్టి కొన్నారో ఇచ్చినవాళ్లకే తెలుసు. బాటిల్ ధర మాత్రం గల్లీ మొత్తానికి కంఠతా వచ్చు. వైన్ షాపు జాలీ ముందు నిలబడ్డ ప్రతివాడికీ రాయల్ స్టాగ్ ఎక్కడుంటుందో, బ్లెండర్స్ ప్రైడ్ దానికన్నా ఎన్ని మెట్లు పైనో, టీచర్స్ ఎవరికిస్తారో, బ్లాక్ లేబుల్ ఏ పనికి ఇస్తారో తెలుసు. 2021 నవంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం దిగుమతి స్కాచ్ మీద ఎక్సైజు సుంకం 300 శాతం నుంచి 150 శాతానికి తగ్గించగానే, అంతకుముందు అందుకున్న బ్లాక్ లేబుళ్ల పరువు ఒక్క రాత్రిలో దిగజారింది. 2025 జూన్‌లో అదే ప్రభుత్వం దేశంలో తయారయ్యే విస్కీ మీద సుంకం పెంచి, క్వార్టర్ కనీస ధర 205 రూపాయలు చేసింది. అంతకు నెల ముందు సాయం చేసినవాడు నష్టపోయినట్టే. వర్లీలో పాత బీడీడీ చాళ్ల పునర్నిర్మాణంలో 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు ఇవ్వడం మొదలయ్యాక కాగితాల విలువ పెరిగింది, వాటిని సరిచేయించిన అన్నల హోదా పెరిగింది, దాంతో సీసాలూ ఒక మెట్టు ఎక్కాయి. పనికి ముందు ఇస్తే లంచమట, తరువాత ఇస్తే కృతజ్ఞతట. సీసాకు ఆ తేడా తెలియదు పాపం.

ఇంత విచారణ చేసేవాళ్లు ఒక్కరూ పట్టించుకోనిది చట్టం. బొంబాయి మద్యనిషేధ చట్టం 1949 నాటిది. 1950లో రాష్ట్రమంతా నిషేధం వచ్చింది, తరువాత సడలింది. చట్టం మాత్రం పేరు మార్చుకుని అలాగే ఉంది. దాని ప్రకారం మహారాష్ట్రలో విస్కీ కొనాలన్నా, దగ్గర ఉంచుకోవాలన్నా, తాగాలన్నా పర్మిట్ కావాలి. విదేశీ మద్యం అనే పద్దు కింద ఒకరోజు పర్మిట్ 5 రూపాయలు, ఏడాదికి 100, జీవితాంతానికి 1000. దేశీ దారుకైతే రోజుకు 2 రూపాయలే. అంటే బాటిల్ కొని మెట్లెక్కేదాకా ఇచ్చేవాడికి పర్మిట్ ఉండాలి, తలుపు తీసి అందుకున్న క్షణం నుంచి పుచ్చుకునేవాడికి ఉండాలి. పర్మిట్ ఉన్నవాడు లేనివాడికి తన వాటాలోంచి పోయకూడదు. కనుక మర్యాద తెలిసిన మనిషి బాటిల్ మెడకు అయిదు రూపాయల కాగితం కూడా కట్టి ఇవ్వాలి. కానీ అది ఒకరోజు కాగితం. ఆ లెక్కన పాపం చిన్నాయన 750 మిల్లీలీటర్ల ఖంబాను అర్ధరాత్రి లోపల ఖాళీ చేయాలి, లేదా తెల్లారేసరికి నేరస్థుడు కావాలి. పోనీ వెయ్యి రూపాయల జీవితకాలం పర్మిటే కానుకగా ఇద్దామా అంటే, అదేదో నిండు నూరేళ్లూ తాగమని దీవించినట్టుంటుంది. పర్మిట్ ఇచ్చేది దేనికయ్యా అంటే, ఆరోగ్య పరిరక్షణకట! కాబట్టి మనం ఇచ్చేది మందు అనడంలో చట్టానికీ మనకూ భేదాభిప్రాయం లేదు. వయసు దగ్గర ఇంకో చిక్కు. విస్కీకి 25 ఏళ్లు నిండాలి, బీరుకు 21 చాలు. ఇప్పుడు గల్లీలో ఆన్‌లైన్ ఫారాలన్నీ ఫోన్లో నింపిపెట్టేది ఇరవై మూడేళ్ల కుర్రాళ్లు. వాళ్లు ఓటు వేసి ఎమ్మెల్యేను గెలిపించొచ్చు, పెళ్లి చేసుకుని పిల్లల్ని కనొచ్చు, మన కృతజ్ఞతను మాత్రం బీరు రూపంలోనే పుచ్చుకోవాలి. ఇక కరీంనగర్ బస్సులో లుంగీల మధ్య చుట్టి తెచ్చే బాటిల్ సుంకం తెలంగాణకు కట్టింది. దాన్ని ఇక్కడ దింపితే ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే కేసులో ముద్దాయిలు. దుబాయి నుంచి దిగినవాడికి రెండు లీటర్ల దాకా కస్టమ్స్ వదిలేస్తుంది, ఈ చట్టం వదలదు. ఇంతా చేసి, పాతికేళ్లుగా బాటిళ్లు ఇచ్చిపుచ్చుకుంటున్న గల్లీలో ఆ పర్మిట్ రంగు ఏమిటో చెప్పగలవాళ్లు ఎందరు? 2015 జూన్‌లో ముంబై శివారు మాల్వణీలో కల్తీ సారాకు వందమందికి పైగా చనిపోయారు. ఆ చావులకు ఈ కాగితమేమీ అడ్డుపడలేదు.

నా సిద్ధాంతం మీద మొదటి అభ్యంతరం ఇది: డబ్బు చేతిలో పెడితే అవమానం, బాటిల్ అయితే గౌరవం. నిజమే, నోటు మీద అంకె కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సీసా మీద కూడా ఆ అంకె ఉంది కదా, ఎమ్మార్పీ అని అచ్చు వేసి మరీ! ఈ లెక్కలో చిన్న సీసా తెస్తే "నా సాయం ఇంతేనా?" అని ఒకరికి గుచ్చుకుంటుంది, పెద్దది తెస్తే "ఇక చెల్లు" అని ఇంకొకరు ఊపిరి పీల్చుకుంటారు. చాళ్లలో సాయానికి చెల్లు ఉండకూడదు. ఇవాళ నువ్వు నాకు చాప వేస్తావు, రేపు నేను నీ తమ్ముడికి వేస్తాను. లెక్క తేలకుండా ఉన్నన్నాళ్లే బంధుత్వం.

రెండో అభ్యంతరం కొంచెం బలమైంది. అమ్మవారికే పోస్తాం కదా, మనిషికి పోస్తే తప్పేమిటి అంటారు. ఒప్పుకోవాల్సిందే. బోనాలకు పోచమ్మ ముందు, మైసమ్మ ముందు కల్లు సాక పోయడం మన ఆచారం, కామాఠీపురకు వచ్చినా ఆ ఆచారం మన వెంటే వచ్చింది. కానీ అమ్మవారు బ్రాండు అడగదు. సాక నేల మీద పడుతుంది, అందరి కళ్ల ముందు. అటక మీద దాచరు, పక్కింటివాడి సాకతో పోల్చరు. ఇంకో సంగతి. ఆ బోనం నెత్తిన మోసేది ఆడమనిషి.

ఇక్కడికొచ్చేసరికి నవ్వు కొంచెం తగ్గుతుంది. దుబాయి పోయే కుర్రాడికి చాప పరిచింది చిన్నాయన అన్నాం. నెలరోజులు అదనంగా ఒక మనిషికి వండింది ఎవరు? తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లొచ్చినప్పుడు మోరీ దగ్గర ఇంకో డ్రమ్ము నింపింది ఎవరు? ఆ పరాయి కుర్రాడు పడుకుని ఉండగా చీర మార్చుకోవడానికి చోటు లేక పక్క ఖోలీకి వెళ్లింది ఎవరు? చిన్నమ్మ. రెండేళ్లకు కుర్రాడు తిరిగొచ్చి బాటిల్ ఇచ్చేది చిన్నాయనకు. ఆ రాత్రి పల్లీలు వేయించి, గుడ్లు ఉడకబెట్టి, గ్లాసులు కడిగేది మళ్లీ చిన్నమ్మే. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత వర్లీ, లోయర్ పరేల్ తెలుగిళ్లలో జీతం ఆగినప్పుడు, బీడీలు చుట్టో నాలుగిళ్లలో పాచిపని చేసో గంజి కాచినవాళ్లు ఇలాంటి చిన్నమ్మలే. సీసా చూడగానే వాళ్ల మనసులో మెదిలే లెక్క వేరు. జోతిరావు ఫులే సత్యశోధక ఉద్యమానికి జయా కరాడీ లింగు, వ్యంకూ బాలూ కాలేవార్ లాంటి ముంబై తెలుగు కాంట్రాక్టర్లు అండగా నిలిచారని మనం గర్వంగా చెప్పుకుంటాం. అదే ఫులే 1880లో పుణె మునిసిపాలిటీకి రాస్తూ, పెరుగుతున్న సారా దుకాణాలు సంసారాలను ముంచుతున్నాయని మొరపెట్టుకున్నాడు. ఆ సంగతి మాత్రం గర్వంలో కలపం. 1992లో సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చెప్పిందీ అదే.

బాటిల్ ఇవ్వడమే మానేయమని నా తీర్పు కాదు. మానేయమన్నా మానేవాళ్లు లేరు. ఇవ్వాలనుకుంటే ఆ మనిషి రోజూ ఏది తాగుతాడో అదే కొనండి. ఒక మెట్టు ఎక్కువా వద్దు, పన్నెండేళ్ల అంకే వద్దు. తాగనివాడికి, మానేసినవాడికి అసలే వద్దు. వైన్ షాపుకు బయల్దేరే ముందు మాత్రం ఆ ఇంటికి ఒకసారి వెళ్లి, చిన్నమ్మను పక్కకు పిలిచి అడగండి. ఆవిడ వద్దంటే ఆ డబ్బు ఆవిడ చేతిలోనే పెట్టండి. పుచ్చుకోవడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు.