జెండా అద్దెకు ఇవ్వబడును

ఆ క్రూజు వీడియో మీకూ వచ్చే ఉంటుంది. నాకు మా బావమరిది పంపాడు, అదీ మూడుసార్లు. యాంగ్‌ట్సీ నది, డెక్కు మీద వైను గ్లాసులు, వెనకాల పియానో, ఆపైన హాంకౌలో పాత విదేశీ బంగళాల ముందు కొత్త జంటల ఫోటోలు. కింద ‘ఆ రోజుల దర్జా’ అని అక్షరాలు. ఎవరి దర్జారా అని అడిగితే, “నీకన్నిట్లోనూ రాజకీయమే బావా” అన్నాడు.

వీడియోలో గొంతుగారు సెలవిచ్చేదేమంటే, విదేశీ వర్తకులొచ్చి ఆ నదిని వ్యాపారానికి ‘తెరిచారట’. అంతకుముందు నది మూత బిగించిన సీసాలా ఉండేది కాబోలు! ఉప్పు, బియ్యం, కలప, టీ పడవలతో తరతరాలుగా కిక్కిరిసిన హాంకౌ, 1861లో దొరలు దిగేదాకా వ్యాపారమంటే ఎరగదు మరి.

ఆ తెరవడానికి దొరికిన సాకైనా గొప్పదా అంటే, 1856లో కాంటన్‌లో పట్టుబడ్డ ‘ఆరో’ అనే పడవ. యజమాని చైనావాడు, సిబ్బంది చైనావాళ్లు, పేరుకో తెల్ల కెప్టెను. హాంకాంగ్ రిజిస్ట్రేషనుకు గడువు కూడా తీరిపోయింది. అయినా బ్రిటిష్ జెండాకు అవమానం జరిగిందని యుద్ధానికి దిగారు. మన ఊళ్లో ఆర్‌సీ చెల్లని బండిని కానిస్టేబులు ఆపితే, బండివాడు మహా అయితే ఎమ్మెల్యేకి ఫోన్ చేస్తాడు.

జెండా సంగతి అంతటితో వదలలేను. 1891లో యాంగ్‌ట్సీ ఎగువనున్న చొంగ్‌చింగ్‌ను విదేశీ వ్యాపారానికి రేవుగా ప్రకటించారు. రేవుంది, కస్టమ్స్ ఆఫీసుంది, స్టీమరొక్కటే లేదు. దారిలోని కొండ ఇరుకుల్లో సుడులు దాటి ఆర్చిబాల్డ్ లిటిల్ అనే బ్రిటిష్ వర్తకుడు తొలి స్టీమరును చేర్చింది 1898లో. ఏడేళ్లపాటు విదేశీ వ్యాపారం జరిగింది మరి దేని మీద? చైనా పడవల మీదే. పడవ వాళ్లది, సరంగు వాళ్లవాడు, కూలీలు వాళ్లవాళ్లు. కొయ్య మీద ఎగిరే కంపెనీ జెండా మాత్రం దొరది. అది ఎగిరితే సుంకం కస్టమ్స్‌లో కడితే చాలు, దారి పొడుగునా ఉన్న నాకాల్లో ‘లికిన్’ పన్నువాడు చెయ్యి చాపడానికి లేదు.

మా వీధి మటన్ కొట్టాయన స్కూటరు మీద ‘ప్రెస్’ అని ఉంటుంది. పేపరు ఆయన కొనేది మాంసం కట్టడానికి. ఆ స్టిక్కరుకు 19వ శతాబ్దపు తాతే ఈ జెండా.

జెండాతో ఆగితేనా! ట్రాన్సిట్ పాసులని ఇంకొకటి. దిగుమతి సుంకం మీద మరో సగం కడితే లోపలి ఊళ్ల దాకా సరుకుకు లికిన్ ఉండదు. దాంతో చైనా వర్తకుడి సరుకుకు దొర పేరు, ఆ పేరుకు దొరకు రుసుము. పనీ లేదు, పెట్టుబడీ లేదు, పేరు అద్దెకిచ్చి బతకడం. దీన్నే గొంతుగారు ‘వాణిజ్య ప్రతిభ’ అంటారు. మొదట్లో కొన్ని దేశాలైతే రేవులోని వర్తకుణ్నే కాన్సలుగా నియమించాయి. తమవాడు తప్పుచేస్తే విచారించేదీ ఆయనే.

ఇక నవ్వు రావడం లేదు. 1858లో చైనా సుంకాల పట్టీలో నల్లమందును చేర్చి, పికుల్ (సుమారు 60 కిలోలు) బరువుకు 30 తయేళ్ల వెండి కట్టి అమ్ముకోండన్నారు. ఆ నల్లమందు పెట్టెల్లో ఉన్నది మన బీహారు రైతు చేత పండించిన సరుకు, మన మాళవ సరుకు. 1926 సెప్టెంబరు 5న ఆ నది ఒడ్డునే ఉన్న వాన్‌షియెన్ ఊరి మీద బ్రిటిష్ గన్‌బోట్లు గుళ్లు కురిపించాయి. దేశం నడిబొడ్డున, సముద్రానికి అంత దూరాన, పరాయి యుద్ధనౌకకు ఏం పని? హాంకౌలో ఐదు దేశాలు నదీతీరాన్ని కేకు ముక్కల్లా కోసుకుంటే, ఆ ముక్కల ముందు నిలబడి పెళ్లి ఫోటోలా? 1927 జనవరిలో జనం పోటెత్తి బ్రిటిష్ ముక్కను వెనక్కి లాక్కున్నారు. వీడియోలో ఆ జనవరి లేదు.

లేనిది ఇంకొకటుంది. ఎదురు ప్రవాహంలో పడవను లాగిన వెదురు తాళ్లు ఆ గట్ల రాళ్లలో వేలు దూరేంత గాళ్లు కోశాయి. రాయే అరిగిందంటే భుజం సంగతి చెప్పాలా?

ఇదే మాట బావమరిదితో అంటే వెంటనే బ్రోచరు పంపాడు. రెండోరోజు మధ్యాహ్నం తాడు లాగే ప్రదర్శన ఉందట, స్థానికులు సంప్రదాయ దుస్తుల్లో మన పడవను లాగుతారట. టిప్పు ప్యాకేజీలో కలవదు.